అస్తమయం లేని చోట మగ్రిబ్



మా శ్రీకూర్మంలో పొద్దు ఎవరినీ తికమక పెట్టదు. ఏడాదిలో అత్యంత దీర్ఘమైన పగటికీ, అత్యంత హ్రస్వమైన పగటికీ మధ్య తేడా సుమారు రెండు గంటలే. తెల్లవారుజామున సముద్రం మీద వెలుగు రేఖ కనిపిస్తుంది. సాయంత్రం పొలాల వెనుక సూర్యుడు దిగిపోతాడు. ఆ రెంటి మధ్య మన అయిదు నమాజులు ఒక క్రమంలో ఒదిగిపోతాయి. అందువల్లనే కాబోలు, నమాజు వేళలు అనేవి అల్లాహ్ ప్రసాదించిన గుర్తులని, ఆ గుర్తులు లేని నేల కూడా ఒకటి ఉందని నేను ఏనాడూ ఆలోచించలేదు. ఆలోచించకుండానే ఒక ప్రశ్నకు జవాబు చెప్పాను. ఆ తప్పు గురించే ఈ నెల వ్రాస్తున్నాను.

గత జూన్ నెలలో ఒక రాత్రి, ఇషా నమాజు ముగించుకొని ఇంటికి వచ్చిన కొద్దిసేపటికి మా చెల్లెలి కుమారుడు ఫోన్ చేశాడు. మన తీరప్రాంతపు యువకులు అనేకుల వలె అతడూ ఓడ ఉద్యోగి. యాత్రికులను ఉత్తర ధ్రువ ప్రాంతపు దీవులకు తీసుకువెళ్లే ఒక చిన్న నౌకలో గదులు శుభ్రపరచే పని. మనకు రాత్రి తొమ్మిది. అతడికి సాయంత్రం అయిదున్నర.

“మామూ, ఇక్కడ పొద్దు గూకడం లేదు. అర్ధరాత్రి కూడా ఎండే. మగ్రిబ్ ఎప్పుడు చదవాలి? ఇషా ఎప్పుడు?” అని అడిగాడు.

“వేళే రానప్పుడు నమాజు నీ మీద విధి ఎట్లా అవుతుంది? రాత్రి ఉన్న చోటికి చేరాక చూసుకో” అన్నాను. అన్నం పళ్లెం ముందు కూర్చొని, ఒక్క క్షణం కూడా తర్కించకుండా అన్న మాట అది.

మూడు వారాల తరువాత మా చెల్లెలు వచ్చింది. “భయ్యా, వాడు ఫజ్ర్, మగ్రిబ్, ఇషా మూడూ మానేశాడట. మీరే చెప్పారన్నాడు. మీరు అలా చెప్పి ఉండరు కదా?” అని అడిగింది. ఆమె కంటిలోని నమ్మకం చూసి నాకు మాట రాలేదు.

అతడున్న చోటు స్వాల్బార్డ్ ద్వీపసమూహం. నార్వే ప్రధాన భూభాగానికి ఎంతో ఉత్తరాన, 74, 81 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉంది. విస్తీర్ణం సుమారు 61,000 చదరపు కిలోమీటర్లు. అందులో సగానికి మించి హిమనదాలే. హిమనదాలు వేల ఏండ్లుగా తొలిచిన లోయలలోకి సముద్రం చొరబడి ఏర్పడిన లోతైన, ఇరుకైన పాయలను ఫ్యోర్డులంటారు. నౌక ఆ పాయలలో మెల్లగా సాగుతుంది. యాత్రికులు రబ్బరు పడవలలో ఒడ్డుకు దిగుతారు. ధ్రువపు ఎలుగుబంట్ల భయం వల్ల తుపాకీ ధరించిన మార్గదర్శకులు ముందు నడుస్తారు. ప్రధాన పట్టణమైన లాంగ్‌యియర్‌బియెన్‌లో ఏప్రిల్ మూడవ వారం నుండి ఆగస్టు మూడవ వారం దాకా సూర్యుడు అస్తమించడు. అక్టోబరు చివర నుండి ఫిబ్రవరి నడిమి దాకా ఉదయించడు.

అది మనకు బొత్తిగా సంబంధం లేని నేల కాదు. 1920లో స్వాల్బార్డ్‌పై కుదిరిన ఒప్పందంలో నాటి బ్రిటిష్ పాలనలోని భారతదేశమూ భాగస్వామి. 2008లో మన దేశం అక్కడి నీ-ఒలెసుండ్‌లో ‘హిమాద్రి’ అనే పరిశోధనా కేంద్రాన్ని ప్రారంభించింది. 2014లో కొంగ్స్‌ఫ్యోర్డ్ జలాలలో పరిశీలనా పరికరాలను దించింది. ఆ మంచు కరగడానికీ, మన వర్షరుతువుకూ గల సంబంధాన్ని మన శాస్త్రజ్ఞులు అధ్యయనం చేస్తున్నారు. తిత్లీ తుఫాను చూసిన శ్రీకాకుళం వాసులకు వాతావరణం ఎంత దూరం నుండి మన కప్పును తాకగలదో వేరే చెప్పనక్కరలేదు.

మా చెల్లెలు వెళ్లిన మరునాడు శ్రీకాకుళం వెళ్లాను. గోల్కొండ ఫౌజ్‌దారు షేర్ మహమ్మద్ ఖాన్ 17వ శతాబ్దంలో కట్టించిన జామియా మసీదులో జుహ్ర్ చదివి, నాకు తెలిసిన ఒక ఆలిమ్‌ను కలిసి జరిగినది జరిగినట్లు చెప్పాను. ఆయన కోపగించలేదు. “ఈ ప్రశ్న కొత్తది కాదు. వెయ్యేండ్ల నాటిది” అన్నారు. ఆయన చూపిన దారిలో చదివి తెలుసుకొన్నది మీతో పంచుకొంటాను.

క్రీ.శ. 921లో అబ్బాసీ ఖలీఫా దౌత్యబృందంతో ఇబ్ను ఫద్లాన్ బాగ్దాదు నుండి బయలుదేరి, మరుసటి ఏడాది ఓల్గా నదీతీరంలోని బుల్గారు రాజ్యం చేరాడు. బాగ్దాదు నుండి వచ్చి అక్కడ స్థిరపడిన ఒక దర్జీతో గుడారంలో మాట్లాడుతూ ఇషా అజాన్ కోసం ఎదురుచూశాడు. అజాన్ వినిపించింది, బయటికి వచ్చి చూస్తే తెల్లవారింది! అది ఫజ్ర్ అజాన్. ఇషాను మగ్రిబ్‌తో కలిపి చదువుకొంటామని ముఅజ్జిన్ చెప్పాడు. ఫజ్ర్ తప్పిపోతుందేమోనన్న భయంతో తాను నెల రోజులుగా రాత్రి నిద్రపోలేదన్నాడు. ఆ ముఅజ్జిన్‌ను తలచుకొంటే నాకు సిగ్గు వేసింది. ఆయన వేళను వెతుక్కొంటూ మేలుకొన్నాడు. నేను వేళ లేదని సులువుగా చెప్పి నిద్రపోయాను.

ఆ బుల్గారు వేసవి రాత్రులే తరువాత హనఫీ ధర్మవేత్తల మధ్య పెద్ద చర్చకు కారణమయ్యాయి. ఎర్రదనం పూర్తిగా పోకముందే తెల్లవారితే ఇషా విధి అవుతుందా? బఖ్ఖాలీ వంటి వారు కాదన్నారు. మోచేతుల పైదాకా చేతులు లేనివానికి వుజూలో చేతులు కడిగే విధి ఎలా ఉండదో, వేళ లేనివానికి ఆ నమాజూ అలాగే లేదన్నది వారి ఉపమానం. 15వ శతాబ్దపు ఇమామ్ ఇబ్నుల్ హుమామ్ దీన్ని అంగీకరించలేదు. విధి నెలకొనవలసిన చోటే లేకపోవడం వేరు, విధికి పెట్టిన గుర్తు కనిపించకపోవడం వేరు అన్నారు. గుర్తు లేకపోయినా అయిదు నమాజుల ఆజ్ఞ అలాగే ఉంది. గడియారం ఆగిపోతే కాలం ఆగిపోదు కదా!

దీనికి ఆయన చూపిన ఆధారం దజ్జాల్ హదీసు. సహీహ్ ముస్లింలో హజ్రత్ నవ్వాస్ బిన్ సమ్ఆన్ (రజి) ఉల్లేఖించారు. దజ్జాల్ కాలంలో ఒక దినం ఒక సంవత్సరమంత ఉంటుందని దైవప్రవక్త (స) తెలిపినప్పుడు, ఆ దినానికి ఒక్క రోజు నమాజులు చాలునా అని అనుచరులు అడిగారు. చాలవని, కాలాన్ని లెక్కగట్టి నమాజులు చేసుకోవాలని ప్రవక్త (స) సెలవిచ్చారు. గమనించండి: అంతటి మహా ఉపద్రవం గురించి వింటూ కూడా సహాబాలు అడిగిన ప్రశ్న ప్రాణాల గురించి కాదు, నమాజు గురించి. ఆ ప్రశ్న వల్లనే ధ్రువ సముద్రంలోని మా పిల్లవాడికి జవాబు దొరికింది. 1870లో కజాన్ నగరపు పండితుడు షిహాబుద్దీన్ మర్జానీ ఈ ఒక్క సమస్య పైనే ‘నాజూరతుల్ హఖ్’ అనే గ్రంథం వ్రాశారు.

నేటి ధర్మవేత్తలు లెక్కగట్టే పద్ధతులను కూడా సూచించారు. రాత్రింబవళ్లు స్పష్టంగా తెలిసే సమీప ప్రాంతపు వేళలను తీసుకోవడం ఒకటి. 66 డిగ్రీలకు ఆవల ఉన్నవారు 45 డిగ్రీల అక్షాంశపు వేళల నిష్పత్తిని అనుసరించడం మరొకటి; మక్కాలోని ముస్లిం వరల్డ్ లీగ్‌కు చెందిన ఫిఖ్ మండలి దీన్ని చెప్పింది. మక్కా వేళలనే పాటించడం ఇంకొకటి. నార్వే ఉత్తరాన ట్రామ్సో నగరంలోని ముస్లింలు రమజాను ఉపవాసాలకు ఈ మార్గం ఎంచుకొన్నారు. కెనడా ఉత్తర కొసన ఇనువిక్ పట్టణానికి 2010లో ఒక చిన్న మసీదును విన్నిపెగ్‌లో కట్టి, లారీ మీదా, బల్లకట్టు మీదా వేల కిలోమీటర్లు మోసుకువెళ్లారు. విశ్వాసులున్న చోట ఏదో ఒక మార్గం ఏర్పడుతూనే ఉంది.

ఇంకొక సంగతి నన్ను ఆశ్చర్యపరచింది. అస్తమించని సూర్యుడు నిశ్చలంగా నిలబడి ఉండడు. ఆకాశంలో చుట్టూ తిరుగుతాడు. మధ్యాహ్నం దక్షిణాన మిక్కిలి ఎత్తున, అర్ధరాత్రి ఉత్తరాన మిక్కిలి క్రిందుగా ఉంటాడు. కనుక జూన్‌లో ఒక కర్ర పాతి నీడ చూస్తే జుహ్ర్, అస్ర్ వేళలు అక్కడ కూడా తెలుస్తాయి. తెలియనివి మిగిలిన మూడే. మా పిల్లవాడు మానేసిన మూడూ అవే.

ఆలిమ్ గారి సలహాతో ఆ రాత్రే ఫోన్ చేశాను. మేనల్లునితో తప్పు ఒప్పుకోవడం తేలిక కాదు. “బేటా, నేను తెలియక చెప్పాను. నా మాట తప్పు. నీ నమాజులు నీ మీద విధిగానే ఉన్నాయి” అన్నాను. అవతల కొంతసేపు నిశ్శబ్దం. తరువాత అతడన్న మాట: “నాకూ మనసు ఒప్పలేదు మామూ. కానీ మీరు చెప్పారు కదా అనుకొన్నాను.”

అతడు మక్కా వేళలను ఎంచుకొన్నాడు. పని మధ్య లెక్కకు అది సులభం. జూన్‌లో అక్కడ మగ్రిబ్ సాయంత్రం ఏడు గంటల ప్రాంతం. ఓడ గడియారంలో ఏడు కాగానే కిటికీలో ఎండ ఉన్నా ముసల్లా పరుస్తాడు. ప్రయాణికుడు కనుక నాలుగు రకాతుల నమాజులు రెండే. తప్పిపోయిన 21 రోజులకు ఖజా లెక్క వేశాం: రోజుకు ఫజ్ర్ రెండు, మగ్రిబ్ మూడు, ఇషా రెండు, విత్ర్ మూడు, మొత్తం 210 రకాతులు. ప్రతి నమాజుతో కొంత చొప్పున తీర్చాడు. శ్రీకూర్మంలో మనం పడమటికి తిరిగి నిలబడతాం. స్వాల్బార్డ్‌లో ఖిబ్లా దక్షిణానికి కొంచెం తూర్పుగా ఉంటుంది. ఓడ ఫ్యోర్డులో మలుపు తిరిగితే నమాజులో ఉన్నవాడూ దానితోపాటు తిరగాలి. “నేల తిరుగుతున్నా ముఖం అటే ఉంచాలి, అంతే కదా మామూ” అన్నాడు. ఆ మాట నేను మరచిపోలేదు.

ఆ దీవుల నుండి అతడు చెప్పిన విషయాలలో మరొకటి మన కుటుంబాలకు పనికివస్తుంది. అక్కడ యాత్రికులు ఒక పువ్వు కోయరాదు. పూర్వం తిమింగలాల వేటగాళ్లు విడిచిన పాత ఇనుప ముక్కనైనా తీయరాదు. 1946కు ముందరి మానవ అవశేషాలన్నీ రక్షితాలే. 2025 నుండి రక్షిత ప్రాంతాలకు 200 మందికి మించి యాత్రికులతో నౌక రాకూడదు; ఎలుగుబంటికి 300 మీటర్ల కన్నా, వసంతకాలంలో 500 మీటర్ల కన్నా దగ్గరగా పోకూడదు. వాల్రస్‌లను మనిషి ఒకప్పుడు దాదాపు తుడిచిపెట్టాడు. 1952లో వేట నిషేధించాక అవి మెల్లగా మరలి వస్తున్నాయి. భూచరాలూ, పక్షులూ మనవంటి సముదాయాలేనని దివ్య ఖుర్‌ఆన్ బోధించింది. ఆ బోధ తెలిసిన మనం మన సముద్రపు ఒడ్డున, తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుకలో, పిల్లలతో షికారుకు వెళ్లి ఏమి వదిలి వస్తున్నాం?

లాంగ్‌యియర్‌బియెన్ దగ్గర కొండ లోపల 2008లో తెరచిన ప్రపంచ విత్తన భాండాగారం ఉంది. యాత్రికులు దాని తలుపును బయటి నుండే చూస్తారు. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరు ఇక్రిశాట్ నుండి వెళ్లిన జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, మన చోళ్ల విత్తనాలు అక్కడ మైనస్ 18 డిగ్రీల చలిలో భద్రంగా ఉన్నాయి. సిరియా యుద్ధంలో అలెప్పో దగ్గరి విత్తన నిధి అందుబాటులో లేకుండా పోయినప్పుడు, 2015లో ఆ సంస్థ ఇక్కడ దాచిన విత్తనాలను వెనక్కు తీసుకొని లెబనాన్, మొరాకోలలో పండించింది. 2017 నుండి మళ్లీ తెచ్చి దాచింది. కరవు రాకముందే ధాన్యాన్ని వెన్నులలోనే దాచమన్న హజ్రత్ యూసుఫ్ (అలై) వివేకం గుర్తుకు రాక మానదు. అప్పగించిన దానిని చెడకుండా తిరిగి ఇవ్వడమే అమానత్.

మా చెల్లెలు తన కొడుకును ఓడకు అప్పగించింది. అతడు తన ధర్మసందేహాన్ని నాకు అప్పగించాడు. నేను ఆ అమానత్‌ను కాపాడలేకపోయాను. ఓడ ఉద్యోగాలకు పిల్లలను పంపే తల్లిదండ్రులారా, ఉద్యోగం ఇప్పించే ఏజెంటుకు నౌకాయాన శాఖ లైసెన్సు ఉన్నదీ లేనిదీ చూడండి. నావికుని నుండి ఉద్యోగం కోసం రుసుము వసూలు చేయడం అంతర్జాతీయ నావిక కార్మిక ఒప్పందం ప్రకారం తగదని తెలుసుకోండి. రోజుకు కనీసం పది గంటల విశ్రాంతి వారి హక్కు. అలాగే ఖిబ్లా చూసుకొనే పద్ధతి, ప్రయాణపు నమాజు నియమాలు, సందేహం వస్తే అడగదగిన ఒక ఆలిమ్ ఫోన్ నంబరు సామానుతోపాటు కట్టి ఇవ్వండి. పెద్దలమైన మనం తెలియనప్పుడు “తెలుసుకొని చెబుతాను” అనే మాటను అలవాటు చేసుకొందాం.

పిల్లవాడు అక్టోబరులో ఇల్లు చేరాడు. ఆ సాయంత్రం మా ఇంటి ముందు నిలబడి, పొద్దు గూకేదాకా కదలకుండా చూశాడు. “ఎంత బాగుంది మామూ” అన్నాడు. తరువాత మేమిద్దరం మగ్రిబ్‌కు నిలబడ్డాం.

గుర్తులు కనిపించే చోటా, కనిపించని చోటా తన ఆజ్ఞపై నిలిచే స్థైర్యాన్ని అల్లాహ్ మనకూ, మన సంతానానికీ ప్రసాదించుగాక. ఆమీన్.