‘లీకు లేదు’ అన్న మాటకు అర్థమేమి?

ముప్పై యేండ్లకు పైగా తెలుగు పాఠాలు చెప్పిన వాడికి వాల్వుల గొడవ ఎందుకని మిత్రులు నవ్వవచ్చు. నవ్వండి. కానీ ‘లేదు’ అన్న మాటను ఎడాపెడా వాడేవారిని నిలదీసే హక్కు తెలుగు పండితుడికి కాక మరెవరికి ఉన్నది?

విషయమిది. మా మేనల్లుడు ఒక కార్ఖానాలో పనిచేస్తాడు. అచ్చులో గాజునార పేర్చి, మూత బిగించి, లోపలి గాలిని పంపుతో లాగివేసి, ఆపైన ద్రవరూపంలోని రెసిన్‌ను ఒత్తిడితో ఎక్కించడం అతని పని. మొన్నామధ్య ఆ ఇంజెక్షన్ వాల్వు అంచునుండి రెసిన్ చిమ్మి అతని ముంజేతి మీద పడింది. అచ్చులోని సరుకూ పాడైంది. ‘వాల్వు పరీక్షలో నెగ్గింది, తప్పు నీదే’ అని జీతంలో కోత వేశారు. ఆ పరీక్ష కాగితం నేను చూశాను. ‘వాక్యూమ్ పరీక్ష: లీకు లేదు’. అంతే! ఒక్క అంకె లేదు.

అయ్యా, 1650ల దశకంలో జర్మనీలోని మాగ్డెబర్గు వాసి ఒట్టో ఫాన్ గెరికె రెండు లోహపు అర్ధగోళాలను కలిపి, లోపలి గాలిని తీసివేసి, ఇరువైపులా గుర్రాలను కట్టి లాగించాడు. అవి విడివడలేదు. గాలిని లోపలికి వదలగానే సులువుగా ఊడివచ్చాయి. వాటిని పట్టి ఉంచినది అతుకు బలం కాదు, బయటి వాతావరణపు ఒత్తిడి. మన వాల్వు సంగతీ అంతే. శూన్యంలో బయటి గాలి దానిని లోపలికి నొక్కి మూస్తుంది. రెసిన్ వచ్చినప్పుడు అదే బలం లోపలినుండి బయటికి తంతుంది. పైగా శూన్యపరీక్షలో ఒత్తిడి భేదం ఎంత గింజుకున్నా ఒక్క బారుకు మించదు. రెసిన్‌ను 4 బార్లతో ఎక్కించేచోట ఆ పరీక్ష దేనికి సాక్ష్యం? వినయపరీక్షలో నెగ్గినవాడికి వ్యాకరణంలో మార్కులు వేసినట్లున్నది!

అట్లని ఒత్తిడి పరీక్ష ఒక్కటీ చాలదు. అచ్చులో 10 మిల్లీబార్లు మాత్రమే ఉన్నప్పుడు బయటినుండి చొరబడిన గాలిబుడగ దాదాపు నూరు రెట్లు ఉబ్బుతుంది. రెసిన్‌లో మిగిలే డొల్లలకు అదొక మూలం. సబ్బునీరు కూడా ఒత్తిడి ఉన్నప్పుడే బుడగలు చూపి లీకును పట్టిస్తుంది. శూన్యంలోనైతే లోనికి పోతుందే తప్ప పలకదు. కనుక రెండు పరీక్షలూ రెండు వేరు ప్రశ్నలు. రెండింటికీ జవాబు కావాలి.

ఆ జవాబు అంకెలలో ఉండాలి. నిమిషంలో 6 మిల్లీబార్లు మారిందంటే, లీటరు పాత్రలో ఒక అర్థం, పది లీటర్ల పాత్రలో పదింతల లీకు. వేడి సంగతీ చూడాలి. వాతావరణానికి పైన 4 బార్లు నింపి మూసిన పాత్ర, గది వేడిమి వద్ద ఒక్క డిగ్రీ చల్లబడితే చాలు, ఏ లీకూ లేకుండానే 17 మిల్లీబార్ల దాకా దిగుతుంది. పరిమాణం, కాలం, ఉష్ణోగ్రత రాయని కాగితం సంతకమున్న తెల్లకాగితమే.

‘ఇన్ని పరీక్షలకు తీరిక ఎక్కడ?’ అంటారు. పాడైన సరుకును పారవేయడానికి తీరిక ఉన్నదే! కూలివాని జీతం కోయడానికి ఉన్నదే!

‘లీకు లేదు’ అని లోకంలో ఎవరూ రాయలేరు. ‘ఇంత ఒత్తిడిలో, ఇంతసేపట్లో, ఇంతకు మించి లేదు’ అని మాత్రమే రాయగలరు. ఆ మూడు ‘ఇంత’లనూ పూరించిన తరువాత, అప్పటికీ తప్పు పిల్లవానిదే అని తేలితే, కోసిన జీతానికి రెట్టింపు నేనే కడతాను. అంతవరకు ఆ కోత అన్యాయం.