ఒకే పుస్తకం ఇస్తే సమానమేనా?

అమెరికాలో ఉన్న కొడుకు ఫోను చేస్తే ఊళ్లోని ముసలి తల్లిదండ్రులు ముందుగా అడిగేది మనుమడి చదువు గురించే. "వాళ్ల మాట పోరనికి సమజైతున్నదా బిడ్డా?" అంటాడు తండ్రి. "ఏడాది కూడా కాలేదు బాపూ, ఇంగ్లీషు దంచుతున్నడు" అని కొడుకు బదులిస్తాడు. ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. పెద్దపల్లి జిల్లా పల్లెల్లో ఈ మాటలు వినబడని వీధి అరుదు.

సంతోషించవలసిందే కాని, ఆ జవాబులో నిజం సగమే. ఆటస్థలంలో తోటి పిల్లలతో మాట్లాడే ఇంగ్లీషు వేరు, సైన్సు పాఠం చదివి పరీక్ష రాసే ఇంగ్లీషు వేరు. కెనడాకు వలస వచ్చిన పిల్లల చదువును పరిశీలించిన జిమ్ కమిన్స్ అనే విద్యావేత్త 1979లోనే ఈ తేడాను ఎత్తిచూపారు. మాటలు సుమారు రెండేళ్లలో వస్తాయి. చదువులో అక్కడి పిల్లలతో సమానం కావడానికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుందని ఆయన పరిశోధనల సారాంశం. ఈలోగా తోడ్పాటు లేకపోతే పిల్లవాడికి నోరు బాగానే ఆడుతుంది, మార్కులు మాత్రం రావు. మొద్దు అన్న పేరు వస్తుంది.

ఆ తోడ్పాటు అమెరికా బడులు దయతలచి ఇచ్చింది కాదు. 1970 ప్రాంతంలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం బడుల్లో ఇంగ్లీషు రాని చైనా సంతతి పిల్లలు 2,800 మందికి పైగా ఉండేవారు. వారిలో సుమారు 1,000 మందికి ఇంగ్లీషు ప్రత్యేకంగా నేర్పారు. మిగిలిన 1,800 మందిని ఊరకే తరగతిలో కూర్చోబెట్టారు. పిల్లల తరఫున కోర్టులో దావా పడింది. అందరికీ ఒకే బడి, ఒకే పుస్తకం ఇస్తున్నామని, ఇంతకంటే చేయవలసింది లేదని అధికారుల వాదన. కింది కోర్టులు రెండూ దానికే తలూపాయి. 1974 జనవరిలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా దానిని తోసిపుచ్చారు. భాష తెలియని పిల్లవాడికి అందరితోపాటు అదే పుస్తకం ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్లు కాదని జస్టిస్ డగ్లస్ రాసిన తీర్పు తేల్చింది. 1982లో టెక్సాస్ రాష్ట్రానికి సంబంధించిన మరో కేసులో, సరైన కాగితాలు లేకుండా దేశంలో ఉంటున్న పిల్లలకు సైతం ఉచిత చదువు నిరాకరించరాదని అదే కోర్టు చెప్పింది. అది మాత్రం అయిదుగురు ఒకవైపు, నలుగురు మరొకవైపు నిలిచి, అంతంతమాత్రంగా గట్టెక్కిన తీర్పు.

నేడు అక్కడి ప్రభుత్వ బడిలో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడుగుతారు. వేరే భాష పేరు రాస్తే పరీక్ష పెట్టి, అవసరమైతే ఇంగ్లీషు విడిగా నేర్పుతారు. ఏటా మళ్లీ పరీక్షించి, చాలునన్నప్పుడు మానేస్తారు. మనవాళ్లు కొందరు ఇక్కడే పొరబడుతున్నారు. వెనకబడిన వారి వరుసలో కూర్చోబెడతారేమోనని, పరువు పోతుందని, ఇంట్లో ఇంగ్లీషేనని రాసేస్తున్నారు. అంతటితో ఆగక తెలుగు మాట్లాడవద్దని పిల్లలను కట్టడి చేస్తున్నారు. రెండూ తప్పే. భిన్నాలు తెలుగులో అర్థమైన పిల్లవాడు అక్కడ కొత్తగా నేర్వవలసింది పేర్లు మాత్రమే, లెక్క కాదు. ఇక్కడి నుంచి తాత ఫోనులో చెప్పే కథ కూడా ఆ చదువుకు సాయమే.

మన పిల్లలు అక్కడ అందరినీ మించిపోతున్నారని చెప్పుకోవడం పరిపాటి అయింది. ఉద్యోగ వీసాపై వెళ్లినవారు పెద్ద చదువులు చదివినవారు. రాత్రి పక్కన కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పగలరు. వారి పిల్లలు నెగ్గుకు రావడంలో వింత లేదు. పొలాల్లో, హోటళ్లలో కూలి చేసుకునే వలస కుటుంబాల పిల్లలకు బడి తప్ప వేరే దిక్కు లేదు. బడి బాగున్నదో లేదో తెలిసేది వారి దగ్గరే.

అలాంటి పిల్లలు మన జిల్లాలోనూ ఉన్నారు. పెద్దపల్లి చుట్టుపక్కల ఇటుక బట్టీలకు ఏటా ఒడిశా నుంచి, ముఖ్యంగా బలంగీర్, నువాపడా ప్రాంతాల నుంచి, కుటుంబాలు వస్తున్నాయి. వారు దాటింది దేశం సరిహద్దు కాదు గాని, ఒడియా తప్ప తెలియని పిల్లకు తెలుగు వాచకం ఇస్తే, శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ 1,800 మందికి జరిగిందే ఇక్కడా జరుగుతుంది. వయసుకు తగిన తరగతిలో చేర్చి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని, వీలైనంత మేరకు మాతృభాషలో బోధించాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతున్నది. బట్టీల దగ్గర ఒడియాలో చెప్పే బడులు జిల్లాలో నడిచిన దాఖలా కూడా ఉంది. కనుక చేతకాని పని కాదు. బట్టీ రాజుకున్న నెలలోనే బడి తెరవాలి. సంక్రాంతి దాటాక తెరిస్తే, పలకలు అందేసరికి ఎండలు ముదిరి పిల్లలు తిరుగు రైలెక్కుతారు. పోయేటప్పుడు ఏ తరగతి వరకు చదివారో కాగితం రాసి ఇస్తే, అక్కడి బడిలో మళ్లీ మొదటికి రాదు.

కార్తీకం వెళ్లగానే ఈ కుటుంబాలు మళ్లీ దిగుతాయి. ఒడియా వచ్చినవారిని వెతికి పెట్టుకోవడానికి విద్యాశాఖకు అంతవరకే గడువు ఉంది.