మదురై నుంచి బెంగళూరు దాకా ఒకటే రోడ్డు

1996 నవంబరు 23న బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో మిస్ వరల్డ్ పోటీ జరిగింది. నిర్వహించింది అమితాబ్ బచ్చన్ కంపెనీ ఏబీసీఎల్. కిరీటం గ్రీస్ అమ్మాయి ఐరీన్ స్క్లివాకు దక్కింది. ఆ పేరు ఇప్పుడెవరికీ గుర్తుండదు గానీ, గొడవ మాత్రం మన వైపు నడివయసు దాటినవాళ్లకు గుర్తే. సంస్కృతి మంటగలుస్తోందని కాషాయ పార్టీ మహిళలు, ఆడదాన్ని సరుకు చేస్తున్నారని ఎర్రజెండా సంఘాలు, ఇదంతా విదేశీ కంపెనీల వ్యాపారమని కర్ణాటక రైతునేత నంజుండస్వామి గారి సంఘం, ఎన్నడూ ఒక పందిట్లో కూర్చోనివాళ్లంతా ఒకే పోటీ మీద విరుచుకుపడ్డారు. ఈతదుస్తుల రౌండును సీషెల్స్ దీవులకు మార్చారు. స్టేడియం చుట్టూ వేలమంది పోలీసులు. పోటీకి కొద్దిరోజుల ముందు మదురైలో ఒక యువకుడు నిరసనగా ఒంటికి నిప్పంటించుకుని చనిపోయాడు.

ఆ మదురైని ఈ బెంగళూరుతో కలిపేది మన ధర్మపురి మీదుగా పోయే రోడ్డే. అప్పట్లో ఏడో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు నలభై నాలుగు. మదురై, దిండిగల్, నామక్కల్, సేలం, ధర్మపురి, ఆపైన హోసూరు దాటితే బెంగళూరు. ఈ ఊళ్ల పేర్లు వరసగా ఇంకోచోట కూడా కనిపిస్తాయి. పుట్టిన ఆడపిల్లను చంపొద్దు, మాకిచ్చెయ్యండి అని జయలలిత ప్రభుత్వం 1992లో సేలంలో తొట్టిల్ కుళందై, అంటే ఉయ్యాల బిడ్డ, పథకం మొదలుపెట్టింది. 2001లో దాన్ని మదురై, తేని, దిండిగల్, నామక్కల్, ధర్మపురి జిల్లాలకు తెచ్చారు. తేని ఒక్కటే ఈ రోడ్డుకు దూరం. తక్కినవన్నీ రోడ్డు మీదివే.

వద్దనుకుంటే ఈ ఉయ్యాల్లో పడుకోబెట్టి వెళ్లండమ్మా అని సర్కారు తల్లులను బతిమాలుకోవాల్సి వచ్చిన నేల మనది. 2001 జనాభా లెక్కల్లో మన జిల్లాలో ఆరేళ్లలోపు మగపిల్లలు వెయ్యిమంది ఉంటే ఆడపిల్లలు తొమ్మిది వందలమంది కూడా లేరు. పుట్టిన ఆడపిల్ల ప్రాణం తీసిన జిల్లేడు పాలు, వడ్లగింజ అన్న మాటలు చెవిన పడగానే మన అవ్వలు ఎందుకు లేచి లోపలికి పోతారో మన ఇండూరులోనే కాదు, చుట్టుపక్కల ఏ ఊళ్లో పెరిగినవాళ్లకైనా తెలుసు. మనం తెలుగువాళ్లం, అదంతా వేరేవాళ్ల అలవాటు అని తప్పించుకునే దారి కూడా లేదు. ఇక్కడ తరాలుగా ఉంటూ ఇక్కడి పంట తిన్నాం, ఇక్కడి కట్నాలూ నేర్చుకున్నాం.

గర్భంలో ఉన్నది ఆడో మగో చెప్పకూడదన్న చట్టం 1994లో చేసి, 1996 జనవరి 1 నుంచి అమల్లో పెట్టారు. బెంగళూరు గొడవ జరిగిన సంవత్సరమే. ఆ ఏడాది స్కాన్ గదుల ముందు జనం చేరి కేకలేసిన జ్ఞాపకం మనలో ఎవరికైనా ఉందా? వేదిక మీద నిలబడ్డ పరాయి దేశపు పిల్లల గుడ్డలు మన సంస్కృతికి అవమానమైతే, మన గడపలోపల ఊపిరి ఆగిన పిల్ల దేనికీ అవమానం కాకుండా ఎలా పోయింది? మదురై కుర్రవాడి ప్రాణం గురించి నేను తేలిగ్గా మాట్లాడను. అంత కోపాన్ని అతనికి నూరిపోసిన పెద్దలు, అదే కోపాన్ని తమ ఊళ్లోని ఉయ్యాల వైపు ఎందుకు తిప్పలేకపోయారని మాత్రం అడుగుతాను.

అందాల పోటీలంటే నాకూ గిట్టదు. పళ్లు, నడుము, నడక చూసి మార్కులేసే పనిలో గౌరవం ఉందని ఎవరెంత చెప్పినా నా బుర్రకెక్కదు. కానీ ఆడపిల్ల ఒళ్లు చూపి ఊరంతా పరువు గురించి కొట్లాడుకునే తంతు మనతో పుట్టింది కాదు. ఇటలీలో 1939లో ఒక టూత్‌పేస్ట్ ప్రచారం కోసం మొదలైన నవ్వుల పోటీ, యుద్ధం ముగిశాక 1946లో మిస్ ఇటాలియాగా మారింది. ఆ ఏడాది జూన్ 2నే అక్కడి ఆడవాళ్లు మొదటిసారి దేశం మొత్తానికి సంబంధించిన ఓటు వేశారు. చర్చి పెద్దలు ఆ పోటీని పాపమన్నారు. కమ్యూనిస్టులు ముందు ముఖం చిట్లించి, కొన్నాళ్లకు తమ వారపత్రిక వీయే నువోవే పేరు మీదే ఒక పోటీ పెట్టుకున్నారు. ఈ పోట్లాట నడుస్తుండగానే మిలాన్‌లో కేకుల దుకాణంలో పనిచేసే లూచియా బోజే 1947లో గెలిచి సినిమాల్లోకి వెళ్లింది. అదే పోటీలో మూడో స్థానంలో నిలిచిన పిల్ల జీనా లొల్లోబ్రీజిదా. యుద్ధంలో చితికిపోయిన ఇళ్ల పిల్లలకు అది బయటపడే దారిగా కనిపించింది. దుకాణంలో నిలబడి కాళ్లు లాగే పిల్లకు ఇంకేం దారి చూపించారని వాళ్ల పెద్దల్ని అడగొచ్చు. మనల్నీ అడగొచ్చు.

1996లోనే ఆ ఇటలీ వేదిక మీద డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టిన నల్లపిల్ల డెన్నీ మెందెస్ గెలిస్తే, ఇటలీ అందానికి ఈమె ప్రతినిధి ఎలా అవుతుందని న్యాయనిర్ణేతల్లోనే కొందరు గొణిగారు. ఇది చదివి మనం పెద్ద మనసున్నవాళ్లమని మురిసిపోనక్కర్లేదు. మన దావులూరి నీనా 2013లో మిస్ అమెరికా కిరీటం పెట్టుకున్నప్పుడు, తెలుగుబిడ్డ అని పండగ చేసుకున్న ఇళ్లలో ఎన్ని ఆ రంగు పిల్లను కోడలిగా ఒప్పుకునేవి?

మన పెళ్లిచూపులు ఒకసారి దగ్గరగా చూడండి. పిల్ల కాఫీ పళ్లెంతో వస్తుంది. కుర్రవాడి మేనత్త ఆమె ముఖం కంటే ముందు పళ్లెం పట్టుకున్న ముంజేయి చూస్తుంది, ముఖానికి పౌడరుంటుంది, చేతికి ఉండదు కాబట్టి. ‘‘ఇట్లా కిటికీ దగ్గర కూర్చో తల్లీ, వెలుతురుంటుంది’’ అంటుంది. ఎంత ప్రేమగా అంటుందో! తర్వాత ఏదో వంకన లోపలికి పంపిస్తారు, నడక చూడాలి గదా. పిల్ల కొంచెం చామనఛాయ, అయినా పరవాలేదు, ఇంకో పది సవరన్లు అనుకుంటే సరిపోతుంది అని వరండాలో గుసగుస. రంగు తగ్గితే బంగారం పెరగాలి. ఈ పోటీకి టిక్కెట్లు లేవు, ధర్నాలు లేవు. ఓడిన పిల్ల మళ్లీ వచ్చే ముహూర్తానికి అదే చీర కట్టుకుని అదే పళ్లెంతో వస్తుంది. ఆ బంగారం లెక్కే, ఇంకా పుట్టని చెల్లెలి మీద తీర్పుగా మారుతుంది. తొట్టిల్ పథకం రావడానికి కారణం చదువులేని తల్లి రాయిగుండె అనుకునేవాళ్లు ఆ వరండాలో ఒక్క పూట కూర్చోవాలి.

2025 మే నెలలో మిస్ వరల్డ్ హైదరాబాదుకు వచ్చింది. రామప్ప గుడి దగ్గర పోటీదారులను వరుసగా కూర్చోబెట్టి, స్థానిక మహిళల చేత కాళ్లు కడిగించిన దృశ్యం మీద పెద్ద రభస జరిగింది. జరగాల్సిందే. తెలంగాణ ఆత్మగౌరవం అన్నారు, అతిథి మర్యాద అన్నారు. అయితే రెండు పక్షాలూ మాట్లాడింది రాష్ట్రం పరువు గురించి. చెంబు పట్టుకున్న ఆ ఆడవాళ్లకు ఏమనిపించిందో రాసిన వార్త నా కంటపడలేదు.

మళ్లీ మన జిల్లాకే వస్తే, ఆడపిల్లల నిష్పత్తి ఆ 2001 నాటికంటే మెరుగైంది, అది మంచి మాటే. అయినా ఊరవతల ఇంట్లో స్కాన్ మిషను పెట్టి గర్భిణులను ఆటోల్లో చేరవేస్తున్న ముఠాలు మన జిల్లాలో ఈమధ్య కూడా పట్టుబడ్డాయి. ఆ ఇల్లు అద్దెకిచ్చినవాడు మనవాడే. ఆటో తోలినవాడూ, వెంట వెళ్లిన అత్తా మనవాళ్లే. బాల్యవివాహాలు ఎక్కువని తమిళనాట పేరు పడ్డ జిల్లాల్లోనూ మనది ఉంది. పదో తరగతి సగంలో మానేసిన పిల్ల పెళ్లికి వెళ్లి, వయసు అడగకుండా ఐదు వందలు చదివించి వచ్చినవాళ్లం మనం. పోలీసులు వస్తారు, కలెక్టరు చూసుకుంటాడు అని ఇంకెన్నాళ్లు? వదినా, ముంజేయి చూడటం నీతోనే మానొచ్చు. అన్నా, ఎన్ని సవరన్లని అడిగే నోరు నీదే.

ఒంటరిగా మానడం కష్టం, ఊరుగా అయితే కుదురుతుంది. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 వంటి తేదీల్లో మన పంచాయతీల్లో గ్రామసభ జరుగుతుంది. వీధిదీపాలు, నీళ్ల పైపులు, ఉపాధి పని కూలి గురించి అడుగుతాం. వచ్చే సభలో ఇంకొకటి అడుగుదాం. గ్రామ ఆరోగ్య నర్సు దగ్గర కాన్పుల రిజిస్టరు ఉంటుంది. మన ఊళ్లో ఎంతమంది మగపిల్లలు పుట్టారు, ఎంతమంది ఆడపిల్లలు పుట్టారు? ఒక్క ఏడాది లెక్క ఏమీ చెప్పదు, చిన్న ఊళ్లో అంకె అటూ ఇటూ అవుతుంది. పదేళ్లది కావాలి. పేర్లు వద్దు, ఏ ఇంటి గుట్టూ బయటపెట్టొద్దు, అంకెలు చాలు. అవి పైకి చదివి తీర్మానాల పుస్తకంలో రాయమని పట్టుబడదాం. ఇలాంటి మాట చివర్లో వస్తే మగవాళ్లు టీకి లేచిపోతారు కాబట్టి, దాన్ని అజెండాలో మొదటి అంశంగా పెట్టించాలి.