పడవ కొనేముందు టేపు కొనండి

విశాఖలో మామూలు ఇళ్ల పిల్లలకు తెరచాప పడవలు నేర్పాలన్న మాట ఎప్పుడొచ్చినా, చర్చ పడవల ధర దగ్గర మొదలై జెట్టీ దగ్గర ఆగిపోతుంది. నేను ఉక్కు కర్మాగారంలో ఫిట్టర్‌గా పనిచేసినవాణ్ని. ఇప్పుడు మద్దిలపాలెంలో ఉంటూ, పిలిచినవాళ్ల పడవలకు తీగలు బిగిస్తుంటాను. నాకు కనబడే లెక్క వేరు. పడవను సరిచేసే మనిషి లేకపోతే ఎన్ని కొన్నా ఒడ్డున ఎండాల్సిందే.

ఇద్దరు నడిపే 420 రకం చూడండి. పొడవు 4.20 మీటర్లు కాబట్టే ఆ పేరు. షామియానా గుంజను తాళ్లతో నిలబెట్టినట్టే, చాప కట్టే స్తంభమైన మాస్ట్‌ను మూడు తీగలు నిలబెడతాయి: ముందు ఒకటి, పక్కలకు చెరొకటి. ముందుండే చిన్న చాపను జిబ్ అంటారు. దాన్ని ఎత్తే తాడు గట్టిగా లాగితే ముందు తీగ వదులై, బిగువంతా జిబ్ అంచులోని తీగ మీద, పక్క తీగల మీద పడుతుంది. ఆ బిగువు చాలకపోతే జిబ్ ముందంచు గాలికి వంగిపోతుంది, పడవ గాలికి ఎదురెక్కలేక పక్కకు జారుతుంది. మరీ ఎక్కువైతే చాప చదునై అలల్లో సత్తువ చాలదు. తీగలు బిగించిన చోట పడవ పగుళ్లిచ్చే ప్రమాదమూ ఉంది.

బిగువు తర్వాత చూడాల్సిన రెండో కొలత మాస్ట్ వాలు. పెద్ద చాపను ఎత్తే తాడుకు టేపు కట్టి కొసదాకా ఎత్తి, కింది కొసను పడవ వెనక పలక అంచు దగ్గర చదవాలి. 420లో అది 6 మీటర్ల పైచిలుకు ఉంటుంది. అంకె తగ్గితే మాస్ట్ వెనక్కి వాలినట్టు. గాలి ముదిరిన రోజు చాప పైభాగం విచ్చుకుని బలం వదిలేయడానికి కాస్త వెనక్కి వాలుస్తారు. గాలి పలచబడితే నిటారుగా నిలుపుతారు. రెండు సెంటీమీటర్ల తేడా ఒడ్డున ఉన్నవాడి కంటికి ఆనదు, చుక్కాని పట్టినవాడి చేతికి తెలుస్తుంది.

పడవ నడపడం మనవాళ్లకు చేతకాదనే మాట చెల్లదు. విశాఖ అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య మరో నలుగురు నేవీ అధికారిణులతో కలిసి 2017 సెప్టెంబరు 10న గోవాలో తారిణి అనే తెరచాప నౌక ఎక్కి, భూమి చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. హుస్సేన్‌సాగర్‌లో నేర్చుకున్న ప్రీతి కొంగర 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 470 పడవ నడిపింది.

అయితే హుస్సేన్‌సాగర్ కొలతలు తెచ్చి ఇక్కడ పెడితే కుదరదు. అక్కడ అల చిన్నది. మన తీరంలో మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక పడవ ముక్కు అలకు కొట్టుకుని ఆగుతుంది. జిబ్ అంచుకు కొంచెం వదులిస్తేనే మళ్లీ వేగం అందుకుంటుంది. కాబట్టి ఏ గాలికి ఎంత బిగువు, ఎంత వాలు అన్న పట్టిక ఈ నీళ్లలోనే తయారుకావాలి. పిల్లలు దిగే ఆప్టిమిస్ట్ పడవకు తీగలే ఉండవు కదా అంటారు కొందరు. నిజమే. అయినా దాని మాస్ట్ వాలునూ టేపుతోనే కొలుస్తారు.

తీగను కొలతకు బిగించగల చేతులు గాజువాక షెడ్లలో ఎన్నో ఉన్నాయి. వాళ్లకు పడవ చూపించేవాళ్లే లేరు.

రేపు శిక్షణ కేంద్రానికి ప్రతిపాదన రాసే అధికారులకు నా మనవి. పడవల పద్దు కింద ఇంకో మూడు చేర్చండి: తీగ బిగువును అంకెలో చూపే టెన్షన్ గేజ్, ఒక ఉక్కు టేపు, నెల జీతం మీద ఒక ఫిట్టర్. మొదటి రెండింటికీ పెద్దగా ఖర్చుండదు. మూడోది లేకుండా మాత్రం టెండరు పిలవకండి.