‘తగినంత’ అనగా ఏమిటి?



“బలానికి ఏదైనా బిళ్ళ ఇవ్వండి” – మా కనిగిరి మందుల దుకాణాల్లో తరచుగా వినవచ్చే మాట ఇది. భూగర్భజలంలోని ఫ్లోరైడు పళ్ళను, ఎముకలను పట్టి పీడించిన ఈ ప్రాంతంలో ‘బలం’ అన్న మాటకు గిరాకీ ఉండడంలో వింత లేదు. ఆ బిళ్ళ ఎవరికి అవసరమో, ఎవరికి కాదో వైద్యులు తేల్చవలసిన విషయం. నా వాదం వేరు. ఆ బిళ్ళలో విటమిన్లు కాక ఇంకేమి కలిపారో చెప్పవలసిన బాధ్యత తయారుచేసేవాడికి లేదా?

మల్టీవిటమిన్ మాత్రల షీటు వెనుక చదివి చూడండి. బి1 ఇన్ని మిల్లీగ్రాములు, బి12 ఇన్ని మైక్రోగ్రాములు, ఫోలిక్ ఆమ్లం ఇంత అని లెక్క ముచ్చటగా ఉంటుంది. (1945లో లెడర్లీ ప్రయోగశాలలో ఆ ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన పరిశోధనకు సారథి భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారే.) చిట్టచివర మాత్రం చాలా షీట్ల మీద ‘ఎక్సిపియెంట్స్ క్యూ.ఎస్.’ అని కనిపిస్తుంది. ‘ఇతర పదార్థాలు తగినంత’ అని దాని భావం. కవిత్రయం ఎవరని అడిగితే “నన్నయ, తిక్కన మొదలైనవారు” అని రాసి, మన అద్దంకి ఆస్థానకవి ఎఱ్ఱనను ‘మొదలైనవారి’లో దాచిన పిల్లవాడికి నేను మార్కు కోసేవాణ్ణి. ఈ కంపెనీలకు మార్కు కోసేవారెవరు?

ఆ ‘తగినంత’లో ఏముంటాయి? విటమిన్ల పరిమాణం గోరంత. దానిని మాత్రగా నిలబెట్టడానికి పిండి, పూత, రంగు, నూనె కావాలి. పాల నుండి తీసిన లాక్టోజు ఉండవచ్చు. మొక్కజొన్న పిండి, అరుదుగా గోధుమ పిండి ఉండవచ్చు. మెత్తని క్యాప్సూళ్ళలో సోయా నూనె, సోయా లెసిథిన్, కొన్నిటిలో వేరుసెనగ నూనె ఉండవచ్చు. తొడుగు పశువుల నుండో చేపల నుండో తీసిన జెలటిన్ కావచ్చు. ఒమేగా-3 చేర్చినవాటిలో చాలామటుకు చేపనూనె ఉంటుంది.

ఇవి అందరికీ హాని చేస్తాయని నేననడం లేదు. మన భాషలో ‘పడదు’ అన్న చక్కని క్రియ ఉన్నది. అయితే ఆ ఒక్క మాట రెండు స్థితులను కప్పివేస్తుంది. పాలు తాగితే కడుపు ఉబ్బరించేవారికి లాక్టోజును జీర్ణించే ఎంజైము తక్కువ. మాత్రలోని కొద్దిపాటి లాక్టోజు వారిలో చాలామందిని బాధించదు. పాల ప్రోటీను పడనివారి సంగతి వేరు. వారి శరీర రక్షణవ్యవస్థే ఎదురు తిరుగుతుంది. దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరాడకపోవడం, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయం. శుద్ధిచేసిన లాక్టోజులోనూ పాల ప్రోటీను లేశమాత్రం మిగిలి ఉండవచ్చు. అట్టివారు కొద్దిమందే కావచ్చు; ఆ కొద్దిమందికి ఆ లేశమే కావలసిన సమాచారం.

ఇక చట్టం చూడండి. ఆహారపదార్థాలకు సంబంధించిన 2020 నాటి లేబులింగు నిబంధనల ప్రకారం గ్లూటెన్ గల ధాన్యాలు, రొయ్య–పీత జాతులు, పాలు, గుడ్లు, చేపలు, వేరుసెనగ, జీడిపప్పు–బాదం వంటి గింజలు, సోయా, ఒక పరిమితికి మించిన సల్ఫైట్లు – వీటిలో ఏది ఉన్నా ప్రకటించాలి. ఆహార లైసెన్సుతో అమ్మే విటమిన్ మాత్రకూ ఇది వర్తిస్తుంది. అదే మాత్ర ఔషధ లైసెన్సుతో వస్తే ఈ నిబంధన దాని జోలికి పోదు. ఒకే అరలో పక్కపక్కన రెండు డబ్బాలు; ఒకటి మాట్లాడుతుంది, రెండవది మూగనోము పడుతుంది. కొనేవాడికి ఈ భేదం ఎవరు చెప్పారు?

అమెరికా నుండి పిల్లలు పంపే సీసాలను చూడండి. అక్కడ ఇవి ఆహార అనుబంధాలు. 2004లో చేసిన చట్టం వలన 2006 నుండి ఎనిమిది పదార్థాలను వాటిపై ప్రకటిస్తున్నారు. 2023 జనవరి నుండి నువ్వులు తొమ్మిదవవి. నువ్వుండలు తిని పెరిగిన మన దేశపు 2020 జాబితాలో నువ్వులకు చోటు లేదు!

ఆకుపచ్చ చుక్క ఉంది కదా అని కొందరి ధీమా. ఆ చుక్క శాకాహారమని మాత్రమే చెబుతుంది. పాలు, గోధుమ, సోయా, వేరుసెనగ అన్నీ శాకాహారాలే. “ప్రకృతిసిద్ధం” అన్న మాటా అంతే. చ్యవనప్రాశలో నెయ్యి, నువ్వులనూనె సంప్రదాయంగా పడేవే. పూర్వపు వైద్యుడు అనుపానాన్ని – తేనెయో, నెయ్యో – పేరు పెట్టి చెప్పేవాడు. నేటివారు లోపలే కలిపి, పేరు మింగేస్తున్నారు.

చోటు చాలదని సాకు. 2023 ఆగస్టు నుండి 300 మందుల బ్రాండ్లపై క్యూఆర్ కోడు తప్పనిసరి అయినప్పుడు చోటు దొరికింది. బ్యాచి నంబరు, గడువు తేదీ అందులో ఇమిడినప్పుడు ‘లాక్టోజు’ అన్న మూడక్షరాలు ఇమడవా? ఇక భాష. ఆహారపు లేబులు ఇంగ్లీషులో గాని, దేవనాగరి హిందీలో గాని ఉంటే నిబంధనకు చాలు. తెలుగు వారి దయాధర్మం. ప్రాణానికి సంబంధించిన ఒక్క వాక్యాన్ని కొనేవాడి భాషలో అచ్చువేయమనడం భాషాభిమానం కాదు, న్యాయం.

ఆ న్యాయం జరిగేదాకా, ఏదైనా పడనివారు ఇంట్లో ఉంటే ఈ జాగ్రత్తలు పాటించండి. లోపం ఒక్క బి12దే అయితే వైద్యుని అడిగి అదొక్కటే తీసుకోండి. కలిపినవి తగ్గినకొద్దీ అనుమానాలూ తగ్గుతాయి. 14 అంకెల ఆహార లైసెన్సు సంఖ్య, పూర్తి పదార్థాల పట్టిక ఉన్న డబ్బాను ఎంచుకోండి. “అదే మందండీ, కంపెనీ వేరు” అని దుకాణదారు మార్చి ఇస్తే ఆగండి. విటమిన్లు అవే అయినా ‘తగినంత’ వేరు కావచ్చు. తెలియకుంటే కంపెనీకి రాసి, జవాబు లిఖితపూర్వకంగా తీసుకోండి. పడుతుందో లేదో చూద్దామని ఇంట్లో మాత్ర మింగి పరీక్షించవద్దు.

ఔషధమైనా, ఆహారమైనా, నోట్లోకి పోయే ప్రతి పదార్థానికీ పేరు ఉండాలి, ఆ పేరు తెలుగులోనూ ఉండాలి. ఇంతకు తక్కువ అడగడం మనకు తగదు.

స్వస్తి.