కొలచువాని చరిత్రము

"మొద్దు" అను మాట మన బడులలో మిక్కిలి చౌక. లెక్క తప్పినవాడు మొద్దు. పద్యము అప్పగింపలేనివాడు మొద్దు. సాయంకాలము ఇల్లు చేరినచో తండ్రియు నా మాటనే యందుకొనును. ఈ తీర్పునకు శాస్త్రముయొక్క అండయు కలదనియు, బుద్ధిని అంకెలలో గొలచి నిర్ణయింపవచ్చుననియు గొందఱు పెద్దలు సెలవిచ్చుట మేము వినియున్నాము. ఆ కొలబద్దను జేసినవాడెవడు, ఏ కాలమున, ఏ యవసరమున జేసెనని వారు విచారించినట్లు మాకు దోపదు. నక్షత్రములను జూచువాడు నక్షత్రము కాడు. మనస్తత్వశాస్త్రజ్ఞుడో, తానును మనుష్యుడైయుండి మనుష్యునే చూచువాడు. కావున నతని సిద్ధాంతముతో గూడ నతని జీవితమును జదువవలెనని మా యభిప్రాయము.

ఆల్ఫ్రెడ్ బినే 1857లో నీస్ పట్టణమున జన్మించిన ఫ్రెంచివాడు. న్యాయశాస్త్రము చదివెను గాని దానియందు మనసు నిలువక, పారిస్ నగరమందలి గ్రంథాలయమున గూర్చుండి మనస్తత్వ గ్రంథములను తనంతట తానే చదువుకొనెను. పిమ్మట సాల్పెట్రియేర్ ఆస్పత్రిలో షార్కో అను ప్రసిద్ధ వైద్యుని యొద్ద జేరెను. వశీకరణనిద్రలో నున్న రోగిచెంత అయస్కాంతము నుంచినచో, శరీరమున నొక ప్రక్కనున్న లక్షణము రెండవ ప్రక్కకు మారునని అతడును, ఫేరే అను సహచరుడును ప్రకటించిరి. బెల్జియము దేశస్థుడగు డెల్‌బెఫ్ దీనిని బరిశీలించి, ఏమి జరుగవలెనో రోగికి ముందే తెలిసియుండగా అది జరుగుటలో అయస్కాంతముయొక్క మహిమ యేమని యాక్షేపించెను. బినే కొంతకాలము వాదించి, తుదకు తప్పు నొప్పుకొనవలసి వచ్చెను. ఆ యవమానము వృథా పోలేదు. 1900 సంవత్సరమున అతడు ప్రకటించిన గ్రంథము, మనుష్యుడు ఇతరుల సూచనలకు లొంగుటను గూర్చినదే! పరీక్షించువాని యాస పరీక్షింపబడువాని నోట బలుకునని యతడు నేర్చినది పుస్తకములవలన గాదు, చెంపపెట్టువలన.

ఆస్పత్రి విడిచిన పిమ్మట ఇల్లే అతనికి బరిశోధనాలయ మాయెను. మాడ్లేన్, ఆలీస్ అని యిరువురు కుమార్తెలు. నడక నేర్చునప్పుడు పెద్దపిల్ల తాను బట్టుకొనియున్న కుర్చీని, ముందొక యాధారము కంటబడిన గాని విడువదు. చిన్నపిల్ల నవ్వుచు, తూలుచు, ఏ యాధారమును లేని గది నడుమకే పోవును. ఒక తల్లి బిడ్డలు, ఒక కంచములో దినినవారు, తీరులు రెండు. ఎవరిని దెలివిగల దనవలెను? ఈ ప్రశ్న బినేను విడువలేదు. 1903లో నా కుమార్తెలనే మారుపేళ్లతో వర్ణించుచు బుద్ధినిగూర్చి పెద్ద గ్రంథము వ్రాసెను.

కాలము చేసిన పని వేఱు. 1882 నాటి చట్టముచే ఫ్రాన్సులో బాలబాలికలకు జదువు నిర్బంధమయ్యెను. అన్ని విధముల పిల్లలును బడిలో జేరిరి. కొందఱికి జదువు సాగలేదు. వారి విషయమై 1904లో బ్రభుత్వ మొక సంఘమును నియమింపగా, బినే అందు సభ్యుడయ్యెను. మరుసటియేడు సిమోను అను వైద్యునితో గలసి 30 పరీక్షలుగల కొలబద్దను బ్రకటించెను. వెనుకబడినవాని నెఱిగి వానికి దగినట్లు నేర్పుటకే గాని, నొసట వ్రాత వ్రాయుటకు గాదు. బుద్ధి పెంపునకు లొంగని పరిమాణమనుట క్రూరమైన నిరాశయని 1909లో నతడే తీవ్రముగా ఖండించి, 1911లో గాలధర్మము నొందెను.

ఇట్లయినచో శాస్త్రమంతయు స్వీయచరిత్రమే గదా యని కొందఱు తీసివేయుదురు. మే మది యొప్పము. జీవితము ప్రశ్న నిచ్చును. జవాబు నిజమో కాదో పరీక్షయే తేల్చవలెను. అయస్కాంతపు గథ కూలినది బినే జాతకము చూచి కాదు, ప్రయోగములోని లోపము చూచియే. అయినను ప్రశ్న యెక్కడ పుట్టినదో మఱచినచో, జవాబును దగని చోట వాడుదుము. అట్లే జరిగినది.

కొలబద్ద సముద్రము దాటెను. అమెరికాలో లూయీ టెర్మన్ 1916లో దానిని మార్చి ప్రకటించెను. ఇండియానా రాష్ట్రమున రైతు కుటుంబమందు 14 మంది పిల్లలలో 12వ వాడు ఈయన. బాల్యమున, పుస్తకము లమ్మవచ్చిన యొకడు ఈయన తల తడవి, కపాలముయొక్క ఎత్తుపల్లములను బట్టి గొప్పవాడగునని చెప్పెనట. పెద్దవాడైన పిమ్మట ఈ సంగతిని టెర్మనే వ్రాసికొనెను. బుద్ధి పుట్టుకతోనే నిర్ణయమగునని యాయన నమ్ముటకు ఇదియే మూలమని మేము ప్రమాణము చేయజాలము. కాని యట్టి మాట పల్లెటూరి బాలుని చెవిలో ఎంతకాలము మ్రోగునో మన మెఱుగనిది కాదు.

1921లో నాయన కాలిఫోర్నియాలో గొప్ప ప్రతిభగల పిల్లలను వెదకుట కారంభించి, సుమారు 1500 మందిని ఏర్చెను. విలియం షాక్లీ, లూయీ ఆల్వరెజ్ అను ఇరువురు బాలురును బరీక్షింపబడి, అంకె చాలక త్రోసివేయబడిరి. భౌతికశాస్త్రమున షాక్లీకి 1956లోను, ఆల్వరెజ్‌కు 1968లోను నోబెల్ బహుమానము లభించెను. ఏర్చబడిన పిల్లలలో నొక్కరికిని అది రాలేదు.