తాళంచెవి పట్టుకున్న మనిషి

మన అపార్ట్‌మెంట్లలో ఒకాయన తిరుగుతుంటాడు, గమనించారా? ఓనరు కాదు, అద్దెకున్నవాడూ కాదు. ఓనరు ఏ అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటే టులెట్ బోర్డు పెట్టేది, ఇల్లు చూపించేది, అడ్వాన్సు తీసుకునేది, పంపు కారితే ప్లంబర్ని పిలిచేది, ఖాళీ చేసేటప్పుడు గోడలు చూసి పెయింటింగ్ డబ్బులు కోసేది అన్నీ ఆయనే. మనం బ్రోకరు అంటాం. ఆయన కార్డు మీద మాత్రం ప్రాపర్టీ మేనేజర్ అని ఉంటుంది. ఆ కార్డు అచ్చు వేయించుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నా బాధ అదే.

విజయవాడలో మా పిన్ని ఉంది. బాబాయి పోయాక రెండు పోర్షన్ల అద్దెతోనే ఆవిడ మందులూ, పాలూ, కరెంటు బిల్లూ. మోకాళ్ల నొప్పులతో మేడ ఎక్కలేదు కదా అని, కాలిఫోర్నియాలో ఉన్న కొడుకు ఒకతన్ని కుదిర్చాడు. మొదట్లో అంతా బాగానే నడిచింది. తర్వాత ఒక నెల మోటారు రిపేరు, ఇంకో నెల డ్రైనేజీ అంటూ అద్దె తరిగిపోతూ వచ్చింది. బిల్లు ఏదయ్యా అంటే "నన్ను నమ్మరా అమ్మగారూ" అనేవాడు. ఆ ఒక్క మాటతో మన పెద్దవాళ్ల నోరు కట్టేయొచ్చు. చివరికి పై పోర్షన్ వాళ్లు ఖాళీ చేస్తూ అడ్వాన్సు అడిగితే తెలిసింది, వాళ్లిచ్చిన దాంట్లో సగమే పిన్నికి చేరిందని. మిగతా సగం పిన్ని తన దగ్గరున్నది ఊడ్చి కట్టింది. పోలీసుల దగ్గరికి వెళ్దామంటే, ఈ వయసులో నాకెందుకే అంది.

అద్దెకున్నవాళ్ల వైపు నుంచి చూసినా అంతే. ఇక్కడ హైదరాబాద్‌లో మా కాంప్లెక్సులో ఒక నర్సమ్మాయి ఒంటరిగా ఉంటుంది. నైట్ డ్యూటీ చేసొచ్చి పగలు పడుకుంటే, కొత్తవాళ్లకి ఇల్లు చూపించాలని డూప్లికేట్ తాళంతో తలుపు తీసుకుని వచ్చేశాడు అక్కడి బ్రోకరు. "ఖాళీ చేస్తానన్నావుగా" అన్నాడట పైగా. ఆ మర్నాడే ఆ అమ్మాయి లోపలి వైపు ఇంకో గడియ బిగించుకుంది.

మరి చట్టం లేదా అంటే, సగం ఉంది. 2016 రెరా చట్టం ప్రకారం, రెరాలో నమోదైన ప్రాజెక్టులో ఫ్లాటు అమ్మిపెట్టే ఏజెంటు తనూ నమోదు చేయించుకోవాలి. కానీ ఆ చట్టంలో ఏజెంటు అంటే అమ్మకాలు కుదిర్చేవాడే. అద్దెల మాట అందులో లేదు. జన్మకో ఇల్లు కొంటాం, ఆ ఒక్కసారి ఎదురయ్యే మనిషికి నంబరు కావాలి. నెలనెలా అద్దె వసూలు చేస్తూ మన తాళంచెవి జేబులో వేసుకుని తిరిగే మనిషికి అక్కర్లేదు!

2021 జూన్‌లో కేంద్రం ఒక నమూనా అద్దె చట్టం ఆమోదించింది. అందులో ప్రాపర్టీ మేనేజరు ప్రస్తావన ఉంది. అద్దె తీసుకుంటే రసీదు ఇవ్వాలి. ఇంట్లోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి. ఇంటి అడ్వాన్సు రెండు నెలల అద్దెకి మించకూడదు. మేనేజరు హద్దు మీరితే అద్దె కోర్టు అతన్ని తప్పించవచ్చు కూడా. మంచి మాటలే. అయితే నమూనా అంటే నమూనాయే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలు. పైగా ఆ పని చేయడానికి ఏ అర్హత ఉండాలో, ఏ లైసెన్సు ఉండాలో అందులోనూ లేదు. తప్పు చేశాక తప్పించడం గురించి ఉంది గానీ, చేతికి తాళం ఇచ్చే ముందు మనిషెవరో చూడటం గురించి లేదు.

తమాషా ఏమిటంటే, మా పిన్ని కొడుకు ఉండే కాలిఫోర్నియాలో జీతానికో కమీషనుకో పరాయివాళ్ల అద్దె ఇళ్లు చూసిపెట్టాలంటే మామూలుగా బ్రోకరు లైసెన్సు ఉండాలి. పరీక్ష రాయాలి. ఓనరు డబ్బు తన సొంత డబ్బుతో కలపకూడదు. వేల్స్‌లోనైతే 2016 నవంబరు నుంచి ఏజెంట్లే కాదు, తన ఇల్లు తనే చూసుకునే ఓనరు కూడా లైసెన్సు తీసుకోవాల్సిందే, అందుకు శిక్షణ కూడా పొందాలి.

లైసెన్సు అనగానే మావారు నవ్వారు, ఇంకో కౌంటరు, ఇంకో లంచం అని. ఆ భయం నాకూ ఉంది. అందుకే వాచ్‌మన్ వెంకన్న లాంటివాళ్లని, డబ్బు తీసుకోకుండా ఆడపడుచు ఫ్లాటు చూసిపెట్టే వదినలని ఇందులోకి లాగొద్దంటాను. డబ్బు తీసుకుని పదిమంది ఇళ్లు చూసేవాళ్లకే పెట్టాలి. పెద్ద పరీక్షలు కూడా వద్దు. ఆధార్‌తో నమోదు, రెండ్రోజుల శిక్షణ, అడ్వాన్సులకి విడిగా బ్యాంకు ఖాతా, ఖర్చు పెట్టిన ప్రతి రూపాయికీ బిల్లు. ఆ నంబరు టులెట్ బోర్డు మీదే రాయాలి, ఫోను నంబరు పక్కన.

ఇంకో సంగతి. ఈ పని చాలాకాలంగా మనమే చేస్తున్నాం కదా? మరిది ఫ్లాటుకి అద్దెవాళ్లని వెతకడం, పెయింటర్‌తో బేరమాడటం, మెయింటెనెన్స్ కట్టి వాట్సాప్‌లో రసీదు పంపడం. పైసా రాదు, మాట మాత్రం వస్తుంది. నమోదు పద్ధతి వస్తే మొదటి రోజే వెళ్లి పేరు రాయించుకుంటానని మా ఎదురింటి సుజాత అంటోంది. ఆవిడ చేతిలో ఇప్పటికే నాలుగు ఫ్లాట్ల తాళాలున్నాయి, నాలుగింటికీ విడివిడిగా నోటు పుస్తకాలు.